గాలి రాకముందే గడియ చూసుకోవాలి
ఏడాదికి రెండుసార్లు తలుపులు, కిటికీల పరీక్ష తప్పనిసరి

నరసరావుపేట: పల్నాడుకు సముద్రతీరం లేదు. అయినా బంగాళాఖాతంలో పుట్టిన గాలి ఇక్కడి తలుపులు తట్టక మానదు. 2010 మే 20న లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాన్లు రెండూ పొరుగునే ఉన్న బాపట్ల సమీపంలో తీరం దాటాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో ఒడ్డుకు చేరింది. వీటికి తోడు ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఎండ మండిన సాయంత్రాల వేళ ఉరుములు, మెరుపులతో విరుచుకుపడే గాలివానలు ఉండనే ఉన్నాయి. తుపానుకు రెండు మూడు రోజుల ముందుగా హెచ్చరిక అందుతుంది. గాలివాన అంత వ్యవధి ఇవ్వదు.

గాలి తగ్గిన తరువాత అందరూ ఎగిరిపోయిన రేకులను చూస్తారు. అయితే అనేక ఇళ్లలో నష్టం మొదలయ్యేది పైకప్పు వద్ద కాదు. గడియ ఊడిన తలుపు, రెక్క నిలవని కిటికీ గాలికి దారి ఇస్తాయి. కప్పు ఆ తరువాత లేస్తుంది. ఇల్లు మొత్తాన్ని మార్చే స్తోమత అందరికీ ఉండదు. తలుపులు, కిటికీలను పరీక్షించి సరిచేసుకోవడం మాత్రం ఒక పూట పని.

తలుపు పోతే కప్పుకూ ముప్పే

గాలి ఇంటి మీదుగా వేగంగా వీచినప్పుడు పైకప్పును పైకి లాగుతుంది. తలుపులు మూసి ఉన్నంతవరకు కప్పు ఓర్చుకోవలసింది ఆ లాగుడును మాత్రమే. గాలికి ఎదురుగా ఉన్న తలుపు తెరుచుకుంటే పరిస్థితి మారుతుంది. లోనికి చొరబడిన గాలికి బయటకు దారి దొరకక కప్పును లోపలి నుంచి పైకి నెడుతుంది. పైనుంచి లాగుడు, కింది నుంచి నెట్టుడు రెండూ కలిసినప్పుడు రేకులను పట్టి ఉంచిన కొక్కేలు నిలవవు. స్లాబు ఇంటికి ఈ ప్రమాదం తక్కువ. రేకుల ఇంటికి, పెంకుటింటికి ఎక్కువ.

గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఏడు అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న తలుపుపై గంటకు 60 కిలోమీటర్ల గాలి దాదాపు 39 కిలోల బరువు మోపుతుంది. అదే గాలి 120 కిలోమీటర్లకు చేరితే ఆ బరువు 155 కిలోలు దాటుతుంది. అంటే ఇద్దరు పెద్దవాళ్లు ఒక్కసారిగా తలుపుపై పడినంత. ఆ భారాన్ని మోయవలసినవి రెండు మూడు బందులు, ఒక గడియ.

భవనాలపై గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్ల మూల వేగాన్ని నిర్ణయించారు. గంటల లెక్కన ఇవి 180, 158 కిలోమీటర్లు. పల్నాడు ఈ రెండు నగరాల మధ్యనున్న ప్రాంతం. తీరానికి దూరంగా ఉన్నామన్న ధీమా తగదని ఈ అంకెలే చెబుతున్నాయి.

ముందుగా ఏ దిక్కు?

బంగాళాఖాతం తుపానులో గాలి అపసవ్య దిశలో, అంటే గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను బాపట్ల వద్ద తీరం దాటితే నరసరావుపేట దానికి వాయవ్యాన ఉంటుంది. అప్పుడు ఇక్కడ వీచేది ఈశాన్యపు గాలి. మచిలీపట్నం, నరసాపురం వైపు దాటితే పల్నాడు పడమరన ఉంటుంది కనుక మొదట ఉత్తరపు గాలి వీస్తుంది. తుపాను లోపలికి సాగేకొద్దీ అది పడమరకు మళ్లుతుంది.

వాస్తును అనుసరించి ఈ ప్రాంతంలో సింహద్వారాలు, పెద్ద కిటికీలు ఎక్కువగా తూర్పు, ఉత్తర దిక్కులకే ఉంటాయి. తుపాను గాలి తొలుత తాకేదీ ఆ దిక్కులనే. కావున పరీక్షను ఈశాన్యపు గది నుంచి ప్రారంభించి ఉత్తరం మీదుగా పడమరకు రావడం మేలు. వేసవి గాలివానకు దిక్కు నియమం లేదు. దాని కోసం నాలుగు వైపులా చూడవలసిందే.

ఎప్పుడు చూడాలి?

ఉగాదికి ముందు ఒకసారి, వినాయక చవితి వెళ్లిన తరువాత ఒకసారి చూసుకుంటే రెండు కాలాలకూ సరిపోతుంది. మొదటి పరీక్ష వేసవి గాలివానలకు, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే తుపాన్లకు. రైతు కుటుంబాలకు దీనిలో మరో ప్రయోజనం ఉంది. మిరప కోతలు ముగిసి టిక్కీలు ఇంట్లో ఉండేది వేసవి ఆరంభంలో. పత్తి తీసి ముందు గదిలో పోసేది తుపాన్ల రోజుల్లో. కిటికీ సందు నుంచి రాత్రంతా కారిన నీరు ఏడాది కష్టాన్ని రంగు మార్చగలదు. తడిసిన పత్తికి, బూజు పట్టిన మిరపకు వచ్చే ధర ఎంతో రైతుకు వేరే చెప్పనవసరం లేదు.

వాతావరణం కూడా ఇక్కడి కలపను రెండు విధాలా పరీక్షిస్తుంది. రెంటచింతల రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన ఊరు. ఆ ఎండలకు తలుపు చెక్క ఆరి కుంచించుకుపోతుంది, మరలు వదులవుతాయి. వానలకు అదే చెక్క ఉబ్బి గడపకు పట్టేస్తుంది. ఉబ్బిన రోజున చిత్రిక పట్టించి లోతుగా తీయిస్తే వేసవి నాటికి వేలు పట్టేంత సందు ఏర్పడుతుంది. వానాకాలంలో పట్టేసిన తలుపును తగిలినచోట మాత్రమే కొద్దిగా తీయించి, ఆరిన తరువాత మిగిలినది చూసుకోవడం మంచిది.

పరీక్షా క్రమం

పరీక్షకు పెద్ద పనిముట్లు అవసరం లేదు. ఒక స్క్రూడ్రైవరు, పురికొస, టార్చిలైటు, బకెట్టు నీళ్లు, సుద్దముక్క చాలు. లోపం కనిపించిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకుంటే వడ్రంగి వచ్చినప్పుడు ఏదీ మరచిపోయే అవకాశం ఉండదు.

ద్వారబంధం: గోడకు, ద్వారబంధానికి మధ్య పగులు ఉందేమో చూడాలి. తలుపును గట్టిగా మూసినప్పుడు ఆ పగులు వద్ద గోడపూత రాలుతుంటే ద్వారబంధం గోడను వదులుతున్నట్లు లెక్క. గోడలోకి బిగించిన హోల్డ్‌ఫాస్టులు, అంటే ఇనుప పట్టీలు, తుప్పు పట్టి ఉండవచ్చు. పైన సిమెంటు పూయడం వల్ల పగులు కనబడకుండా పోతుందే తప్ప పట్టు తిరిగి రాదు. కొత్త పట్టీలు వేయించాలి. పురికొసతో ఒక మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ సమానంగా లేకుంటే చట్రం ఒరిగినట్లే. అలాంటి చట్రంలో ఎంత మంచి తలుపయినా సరిగా కూర్చోదు.

అడుగు భాగం: ద్వారబంధం కింది అడుగు మేర స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి చూడాలి. గట్టి కర్రలో మొన దిగదు. మెత్తగా దిగితే లోపల చెద గాని, తడి కుళ్లు గాని ఉన్నట్లు. రంగు మాత్రం పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా అనుమానించాలి. గోడ పక్కన మట్టి గీతలు చెదపురుగుల దారులు. వాటిని తుడిచేస్తే సరిపోదు. మందు వేయించి, పోయిన మేరకు కోసి కొత్త కర్ర అతికించాలి.

బందులు: ఏడు అడుగుల తలుపుకు కనీసం మూడు బందులు ఉండాలి. తలుపును సగం తెరిచి అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. కదలిక ఉంటే పై బందు మరలు వదులయ్యాయన్నమాట. ఒకే రంధ్రంలో మర ఊరికే తిరుగుతుంటే ఆ రంధ్రాన్ని జిగురు పూసిన కర్రపుల్లతో నింపి, అంతకంటే పొడవైన మర బిగించాలి. మర స్థానంలో మేకు కొట్టడం ఈ ప్రాంతంలో తరచుగా కనిపించే తప్పు. ఊగే తలుపు మేకును పళ్లు కదిలినట్లు కదిపి బయటకు తెస్తుంది.

గడియలు: మన ఇళ్లలో సింహద్వారం లోపలికి తెరుచుకుంటుంది. బయటి నుంచి గాలి నెట్టినప్పుడు తలుపును ఆపే ఒరుపు వెనుక ఉండదు. భారమంతా గడియపైనే పడుతుంది. రెండు రెక్కల తలుపయితే మొదట మూసే రెక్క కీలకం. దాని పై గడియ, కింది గడియ రెండూ కనీసం అంగుళం మేర రంధ్రంలోకి దిగాలి. నాపరాయి గడపలోని రంధ్రం ఏళ్ల తరబడి మట్టితో పూడిపోయి గడియ పైపైన నిలుస్తుంటుంది. అది పడినట్లే కనిపిస్తుంది, గాలికి మాత్రం నిలవదు. పాత మేకుతో ఆ మట్టిని తవ్వి తీయడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఇంటి మొత్తంలో ఖర్చు లేని మరమ్మతు ఇదే.

అడ్డ గడియ: పాత మిద్దెల్లో తలుపు వెనుక గోడకు రెండు వైపులా కొక్కేలు, వాటిలో ఇమిడే బలమైన అడ్డకర్ర ఉండేవి. దొంగల భయానికి పెట్టిన ఆ ఏర్పాటు గాలికీ పనికివచ్చేది. భారాన్ని అది గడియ నుంచి తప్పించి గోడకు పంచుతుంది. కొత్త ఇళ్లలో నాజూకు తాళాలు వచ్చాక అది కనుమరుగైంది. ఉత్తరపు, తూర్పు తలుపులకైనా ఇనుప కొక్కేలు బిగించి తుమ్మకర్ర గాని, ఇనుప గొట్టం గాని సిద్ధంగా ఉంచుకోవడం ఉత్తమం. అవసరమైనప్పుడు లోపలివారు వెంటనే తీయగలిగేలా అది ఉండాలి.

కిటికీలు: కిటికీ రెక్కలు సాధారణంగా బయటికి తెరుచుకుంటాయి. ఎదురుగాలి వాటిని చట్రానికే అదుముతుంది. ఇంటి వెనుక వైపున మాత్రం గాలి వాటిని బయటకు లాగుతుంది. అందుచేత గాలి తగలని వైపు కిటికీలకు గడియ అవసరం లేదనుకోవడం పొరపాటు. ప్రతి రెక్కను మూసి గడియ వేసి లోపలి నుంచి నెట్టి చూడాలి. తెరిచి ఉంచేటప్పుడు తగిలించే కొక్కెం లేని రెక్క ఒక్క విసురుకు గోడకు కొట్టుకుని అద్దం పగులుతుంది. పిల్లల వేళ్లు నలిగేదీ ఇలాంటి రెక్కల మధ్యనే.

అద్దాలు: మూలల్లో సన్నని పగుళ్లు, ఎండకు పెళుసెక్కి రాలిన లప్పం, ఊడిన బీడింగు ఉన్నాయేమో చూడాలి. వేలితో మెల్లగా తట్టినప్పుడు అద్దం గలగలలాడితే అది పట్టులో లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో అద్దాల భవనాలను ఎలా వదిలివెళ్లిందో రాష్ట్రమంతా చూసింది. అద్దానికి కాగితపు పట్టీలు అతికిస్తే పగిలిన ముక్కలు చెదరకుండా ఉంటాయి. అద్దం బలం మాత్రం దానివల్ల పెరగదు. చెక్క పలకలు అందుబాటులో ఉంటే బయటి నుంచి అడ్డుగా బిగించడమే నిజమైన రక్షణ.

జరిగే కిటికీలు: అల్యూమినియం, యూపీవీసీ కిటికీల కింది పట్టాలో నీరు బయటకు పోయేందుకు చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ముతో అవి మూసుకుపోతే వాననీరు గదిలోకి పొంగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయాలి. రెక్కను రెండు చేతులతో పైకి ఎత్తి చూడాలి. పట్టా నుంచి సులభంగా బయటకు వస్తే గాలికీ అలాగే వస్తుంది.

నీటి దారులు: రాత్రివేళ ఒకరు లోపల టార్చి వెలిగించి చట్రం చుట్టూ తిప్పితే, మరొకరు బయట నిలబడి వెలుతురు కారే చోట్లను గుర్తించవచ్చు. వెలుతురు వచ్చిన చోట నీరూ వస్తుంది. పగటిపూట కిటికీపై బయటి నుంచి నీళ్లు పోసి చూడాలి. కింది అంచు నుంచి ప్రారంభించి క్రమంగా పైకి వెళ్లాలి. ముందే పైనుంచి పోస్తే నీరు ఎక్కడ చొరబడిందో తెలియదు. కిటికీ కింద పరచిన నాపరాయి బయటికి వాలుగా ఉండాలి. లోపలికి వాలి ఉంటే ఎంత లప్పం పెట్టినా ప్రయోజనం లేదు. పైనున్న సన్‌షేడు అడుగున నీరు జారి పడేందుకు గాడి ఉందా, గోడతో కలిసే చోట పగులు ఉందా అన్నదీ చూడాలి. పగిలిన సన్‌షేడు కింద నిలబడి పరీక్ష చేయరాదు.

జాలీ తలుపులు మరువవద్దు

అమెరికాలోని చలి ప్రాంతాల్లో అసలు తలుపునకు బయట మరో తేలికపాటి తలుపును, కిటికీకి బయట మరో అద్దాల చట్రాన్ని అమర్చుకుంటారు. వాటిని స్టార్మ్ డోర్లు, స్టార్మ్ విండోలు అంటారు. ఇక్కడి నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగువారి ఇళ్లలోనూ అవి మామూలే. చలిని, వాన జల్లును ఆపడం వాటి ముఖ్యోద్దేశం. మన ఇళ్లలో వాటికి దగ్గరగా ఉండేది దోమల జాలీ తలుపు. అది గాలిని ఆపదు. సరిగా బిగించకుంటే అదే ముందుగా ఊడి అసలు తలుపును బాదుతుంది. గాలి హెచ్చరిక అందినప్పుడు ఊడదీయగల జాలీ చట్రాలను లోపల పెట్టాలి. వీలుకానివాటికి గొళ్లెం వేసి తాడుతో కట్టాలి.

పాత కాలనీ ఇళ్లపై శ్రద్ధ

2006లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఇందిరమ్మ పథకం కింద, అంతకుముందు, ఆ తరువాత వచ్చిన పథకాల కింద కట్టిన ఇళ్లు పల్లెల్లో చాలా ఉన్నాయి. వీటిలో ఇనుప రేకు తలుపులు, ఇనుప లేదా సిమెంటు కిటికీ చట్రాలు కనిపిస్తాయి. ఇనుప తలుపునకు తుప్పు ఎప్పుడూ అడుగు నుంచే మొదలవుతుంది. వాకిలి కడిగిన నీరు అక్కడే నిలుస్తుంది కనుక బందుల అతుకులు, కింది అంచు పరీక్షించాలి. తుప్పును గరుకు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆపై రంగు వేయాలి. తుప్పు మీదే రంగు వేస్తే పొర కింద అది పెరుగుతూనే ఉంటుంది. సిమెంటు చట్రంలో లోపలి కమ్మీ ఉబ్బి పెచ్చులు రాలుతుంటే మార్పించడమే శరణ్యం.

రేకుల ఇళ్లలో గోడకు, కప్పుకు మధ్య గాలి కోసం వదిలిన ఖాళీలు, రెక్కల్లేని వెంటిలేటర్లు కూడా కిటికీల లెక్కలోకే వస్తాయి. గాలి రోజుల్లో వాటిని చెక్కతో మూయగల ఏర్పాటు ఉండాలి. గోనెసంచి కుక్కడం చాలదు. కొట్టు ఉన్న ఇళ్లలో రోలింగ్ షట్టరుకు రెండు పక్కలా కింద తాళాలు వేయాలి. మధ్య తాళం ఒక్కదానితో వదిలేస్తే గాలికి షట్టరు ఉబ్బి పక్క పట్టాల నుంచి బయటకు వస్తుంది.

గాలి వీచే వేళ

వాతావరణ శాఖ హెచ్చరికల్లో పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ రంగు సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వెంటనే చర్య తీసుకోమని సూచిస్తాయి. నారింజ వచ్చేనాటికే తలుపుల పని ముగిసి ఉండాలి. గాలి మొదలైన తరువాత నిచ్చెన ఎక్కడం, బయట పలకలు కొట్టడం ప్రాణాపాయం.

గాలి నెడుతున్న తలుపునకు వీపు ఆనించి ఆపే ప్రయత్నం చేయరాదు. గడియ ఊడితే మనిషిపైనే పడుతుంది. మంచాన్ని, బీరువాను కిటికీలకు దూరంగా జరిపి, పిల్లలను, వృద్ధులను అద్దాలు లేని లోపలి గదిలో ఉంచాలి. గాలికి ఎదురుగా లేని వైపున ఒక తలుపయినా తేలికగా తెరుచుకునేలా చూసుకోవాలి. బయటపడవలసి వస్తే అదే దారి. ఆ తలుపు వెనుక టిక్కీలు, బస్తాలు పేర్చి ఉంచడం తగదు. కప్పు రేకులు కదులుతున్నా, మట్టిగోడ తడిసి బీటలు వారుతున్నా తలుపులను నమ్ముకుని ఇంట్లో ఉండరాదు. గాలి ముదరకముందే పక్కా భవనానికి చేరాలి. అత్యవసర సాయానికి 112, రాష్ట్ర విపత్తు నిర్వహణ కేంద్రానికి 1070 నంబర్లు ఉన్నాయి.

వడ్రంగిని పిలిచే ముందు

* సుద్ద గుర్తులను మూడు రకాలుగా విడదీసుకోవాలి. మట్టి తీయడం, మర బిగించడం, నూనె వేయడం ఇంటివారే చేసుకోవచ్చు. బందులు, గడియలు, అద్దాలు వడ్రంగి పని. ద్వారబంధం, సన్‌షేడు తాపీమేస్త్రీ చూడవలసినవి.
* డబ్బు చాలకపోతే ఉత్తరం, తూర్పు తలుపుల గడియలతో మొదలుపెట్టాలి. రంగులు చివర.
* అద్దె ఇంట్లో ఉన్నవారు లోపాలను ఇంటి యజమానికి ముందుగానే చూపించాలి. గడియ ఖర్చు కప్పు ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువేనని ఆయనకూ తెలుసు.
* మరమ్మతు ముగిసిన తరువాత ఇంట్లోని అందరూ, పెద్దవాళ్లు, పిల్లలతో సహా, ప్రతి గడియను ఒకసారి వేసి తీసి చూడాలి. చీకట్లో, కరెంటు లేనప్పుడు ఆ గడియను వెతికేది ఆ చేతులే.